ఒక్క సీజన్ లెక్కలో మన తీరం దొరకదు

శ్రీకాకుళం జిల్లాలో జువాలజీ చదివే పిల్లలకి ఫార్మలిన్ సీసాలో నక్షత్ర చేప తెలుసు. కళింగపట్నంలో వంశధార సముద్రంలో కలిసే చోట ఇసుకలో ఏం బతుకుతోందో తెలీదు. చూపించేవాళ్లు లేరు. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

ఒక పోర్టో ఫ్యాక్టరీయో వస్తోందంటే పర్యావరణ ప్రభావ నివేదిక రాస్తారు కదా, కేంద్ర పర్యావరణ శాఖ 2006 నోటిఫికేషన్ కింద చాలావాటికి వానాకాలం కాని ఒక్క సీజన్ డేటా చాలు. అంటే వంశధార, నాగావళి వరదనీరు మొగను, అంటే నది సముద్రంలో కలిసే చోటుని, మార్చేసే నెలలు లెక్కలోకే రావు. ఏప్రిల్, మే నెలల్లో కొలిస్తే ఇంకా అన్యాయం. ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఎక్కువగా ఒడ్డెక్కేది జనవరి నుంచి మార్చి దాకా. తేలినీలాపురానికి వచ్చే పెలికాన్ పక్షులు ఎండలు ముదిరేసరికి వెళ్లిపోతాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర పడవలకి వేట నిషేధం, కాబట్టి రేవులో చేపల రకాలూ తక్కువే కనిపిస్తాయి. అప్పుడు చూసి "ఏమీ లేవు" అని రాసేయొచ్చు.

కొలిచే పద్ధతి కూడా చూడండి. రెండు చోట్ల పదేసి రకాల జీవులు, మొత్తం వందేసి దొరికాయనుకుందాం. ఒకచోట రకానికి పది. రెండోచోట ఒక్క రకమే 91, మిగతా తొమ్మిదీ ఒక్కొక్కటి. నివేదికలో రెండూ "10 జాతులు" అనే ఉంటాయి. షానన్ సూచీ అని ఒక కొలత ఉంది, ఎన్ని రకాలున్నాయో, అవి ఎంత సమంగా ఉన్నాయో రెండూ కలిపి చూస్తుంది, వైవిధ్యం ఎక్కువైతే అంకె పెద్దది. అది వేస్తే మొదటిది 2.30, రెండోది 0.50! మురుగు పడే చోట తట్టుకోగల ఒకటి రెండు రకాలే పెరిగిపోతాయి. పేర్ల జాబితా మాత్రం కొన్నాళ్లు చెక్కుచెదరదు.

థర్మల్ ప్లాంటు కట్టబోయిన సోంపేట బీల, అంటే చిత్తడి నేల, కోసం 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ ప్లాంటు అనుమతిని జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ రద్దు చేసిందీ ఆ రోజే. ఆ నేల తడి నేల అని అక్కడి రైతులకీ, చేపలు పట్టేవాళ్లకీ ముందే తెలుసు. వాళ్ల మాట కాగితం మీదకి ఎక్కడానికి అంత జరగాలా?

ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా ఉన్న డిగ్రీ కాలేజీల్లో ఒక్కో జువాలజీ విభాగం ఒక్కో రేవుని తీసుకోవాలి. మీటరు చదరం చట్రం, తాడు, జల్లెడ చాలు. నెలనెలా అదే చోట, పాటు తీసి సముద్రం వెనక్కి తగ్గినప్పుడు, అదే పద్ధతిలో లెక్క. ఒడ్డు నుంచి అలివి వల లాగే పెద్దవాళ్లని పిలవండి, ఏ నెలలో కవళ్ల చేపలు, ఏ నెలలో కానాగంత చేపలు తగులుతాయో వాళ్లే చెబుతారు. వాళ్ల రోజు కూలీ మాత్రం ఇచ్చి తీరాలి. ఆ లెక్కలు బీరువాలో పెట్టకుండా ఊరి పంచాయతీకి ఒక ప్రతి ఇవ్వండి, రేపు ప్రజాభిప్రాయ సేకరణలో మైకు పట్టుకునేవాళ్ల చేతిలో ఉండాలి.