ముంపు మనిషిని షెడ్యూల్ వన్‌లో చేర్చండి సారూ

శ్రీశైలం నుంచి కృష్ణా నీళ్లు మార్కాపురం, కనిగిరి వైపు తేవాల్సిన వెలిగొండ ప్రాజెక్టు వల్ల పర్యావరణం పాడైపోయిందని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. ఇంతకంటే పర్యావరణానికి మేలు చేసిన జలాశయం దేశంలో ఎక్కడుందో చూపించమనండి. 1996లో చంద్రబాబు గారు గొట్టిపడియ దగ్గర శంకుస్థాపన చేశారు, 2004లో రాజశేఖర రెడ్డి గారు మళ్లీ చేశారు, 2024 మార్చిలో జగన్ గారు జంట సొరంగాలను జాతికి అంకితం కూడా చేసేశారు. ఆ అంకితం రోజున సొరంగంలో కొండ ఊట తప్ప కృష్ణా నీళ్లు లేవు. జలాశయం కడితే మునిగిన చెట్లు కుళ్లి మీథేన్ వస్తుందని, చేపల దారి తెగిపోతుందని, పూడిక పేరుకుంటుందని నిపుణులు భయపెడతారు కదా, వీటన్నిటికీ కలిపి మనవాళ్లు ఒకటే మందు కనిపెట్టారు: నీళ్లు రానివ్వకపోవడం. పార్టీలు మారాయి గానీ ఈ ఒక్క పర్యావరణ విధానం మాత్రం చెక్కుచెదరలేదు.

ఇక పులి సంగతి. కొల్లంవాగు దగ్గర శ్రీశైలం నీళ్లు తీసుకుని ప్రాజెక్టు జలాశయమైన నల్లమల సాగర్‌కి తేవాలంటే మధ్యలో దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యం ఉంది. అందుకని అడవిలో ఎక్కడా పైనుంచి తవ్వకుండా, మధ్యలో ఇంకో దారి తెరవకుండా, ఇవతలి చివర నుంచి మిషన్‌తోనూ, రెండో దాంట్లో కొంత మనుషులతోనూ 18.8 కిలోమీటర్లు తొలుచుకుంటూ పోయారు, అదీ ఒకటి కాదు రెండు సొరంగాలు. లోపల మిషన్ మొరాయిస్తే మనుషులు, సామాన్లు మళ్లీ అంత దూరం ఆ బొక్కలోంచే పోవాలి. ఏళ్లు గడిచినా పర్వాలేదు, పైన పులిగారి నిద్ర మాత్రం చెడకూడదు. ఇది వెటకారం కాదండీ, మంచి పనే. నాకు పులి మీద కోపం లేదు, కాస్త అసూయ, అంతే.

పులి కంటే అదృష్టవంతురాలు కలివికోడి. పక్కన కడప జిల్లా లంకమల దగ్గర ఉండే చిన్న పిట్ట. అంతరించిపోయిందనుకుంటే 1986లో మళ్లీ కనపడింది. రాత్రిపూట తప్ప బయటికి రాదు, గట్టిగా మాట్లాడదు, ధర్నా చెయ్యడం అసలే తెలియదు. అయినా దాని చిట్టడవిలోకి తెలుగుగంగ కాలువ రాబోతే కాలువే పక్కకు జరిగింది! మా ప్రాంతంలో కాలువ పక్కకు జరగాలంటే పొలం ఎవరిదో చూస్తారు. ఆ పిట్టకు అంత పలుకుబడి ఎలా వచ్చిందో ఎవరన్నా పరిశోధించాలి.

పోయిన అడవికి బదులు అడవి పెంచాలనే నిబంధన కూడా ఉంది, నల్లమద్ది చెట్టుకి బదులు ఎక్కడో బీడులో మొక్కలు నాటి లెక్క సరిచేస్తారు. జామాయిల్ నాటినా అది అడవే. దాని గురించి ఎక్కువ మాట్లాడను.

మరి కొండల మధ్య సుంకేసుల, కాకర్ల, గొట్టిపడియ గండ్లకు కట్టలు కట్టి 53.85 టీఎంసీలు నింపితే అడుగున ఉండే మనుషుల ఊళ్ల మాటేమిటి? వాళ్లకీ నష్ట నివారణ ఉందండోయ్. ఎలాగూ మునిగే ఊరు కాబట్టి రోడ్డు అక్కర్లేదు, ఎలాగూ మునిగే బడి కాబట్టి సున్నం అక్కర్లేదు. పోనీ వెళ్లిపోదామంటే పునరావాస ప్యాకేజీ పూర్తిగా రాలేదు. ఊరు మునగదు, బాగుపడదు. పులిపిల్ల రెండేళ్లకు తల్లిని వదిలి సొంత అడవి వెతుక్కుంటుంది, తర్వాతి గణనలో దానికో లెక్క, దాని చారలకో ఫోటో. ఇక్కడ పిల్లాడికి పద్దెనిమిదేళ్లు నిండినా, పెళ్లయి ఇద్దరు పిల్లలు పుట్టినా, ప్యాకేజీ కోసం పెట్టిన కటాఫ్ తేదీ నాటికి మైనర్ అయితే వాడు ఆ లెక్కలో విడి కుటుంబం కాడు. ఆఫీసు కాగితాల్లో వాడికి వయసు పెరగదు.

అందుకే నా డిమాండ్ ఒక్కటే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో గట్టి రక్షణ దొరికే జాబితా, పులి, కలివికోడి ఉన్న షెడ్యూల్ వన్‌లోనే వెలిగొండ ముంపు మనిషిని కూడా చేర్చాలి. నాలుగేళ్లకోసారి లెక్కపెట్టాలి. ఇంటికో కెమెరా పెట్టినా మాకభ్యంతరం లేదు, కనీసం ఉన్నామని రుజువుంటుంది. ఆవాసం చెడగొట్టే ముందు ఢిల్లీ నుంచి కమిటీ రావాలి. కుదిరితే ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుం వంగిన కనిగిరి వాళ్లనీ, ట్యాంకర్ కోసం బిందెలు వరస పెట్టే మార్కాపురం వాళ్లనీ, హైదరాబాద్‌కి వలసపోయే పక్షులనీ అదే జాబితాలో కలపండి. ఈ నీళ్లు అందుతాయని చెప్పిన పదిహేను లక్షల మందిలో వాళ్లూ ఉన్నారు.

ఒక చిక్కు మాత్రం ఉంది. షెడ్యూల్ వన్ ప్రాణిని హింసిస్తే కనీసం మూడేళ్ల జైలు. 1996 నుంచి లెక్క తీస్తే ఒంగోలు జైలు సరిపోదు, కొత్తది కట్టాలి. దానికీ శంకుస్థాపన చేయాలి కదా, ఎవరు ముందు చేస్తారో తేల్చుకోండి.