45 రోజుల బొటనవేలు

విజయవాడలో బెంజి సర్కిల్ దాటి పటమట వైపు వెళ్ళే దారిలో నెల రోజులుగా వేలాడుతున్న ఫ్లెక్సీని మీరూ చూసే ఉంటారు. తెల్ల హెల్మెట్ పెట్టుకున్న విదేశీయుడు ఒకాయన పానాను తలకిందులుగా పట్టుకుని చిరునవ్వు నవ్వుతుంటాడు. ఆయన పక్కనే బోర్లా పడుకున్న ఒక యువతి వీపు మీద నాలుగు నల్లరాళ్ళు వరుసగా పేర్చి ఉంటాయి. వీరిద్దరి మధ్య, మసాజ్ థెరపీ, వెల్డింగ్, సీఎన్‌సీ (కంప్యూటరుతో నడిచే కోత యంత్రం) ఆపరేటర్ కోర్సులు 45 రోజుల్లో నేర్పబడును, ఉద్యోగం నూటికి నూరు శాతం గ్యారంటీ అని ఎర్రటి అక్షరాలతో రాసి ఉంటుంది.

పానాతోనూ రాళ్ళతోనూ నాకు పేచీ లేదు. నా పేచీ అంతా ఆ 45తోనే. 44 రోజులకు రాని పని 45వ రోజున ఏ ఘడియలో వస్తుందో, రాహుకాలంలో కూడా వస్తుందో రాదో ఫ్లెక్సీ వేయించినవారు చెప్పలేదు. మన ఇంద్రకీలాద్రి మీద భవానీ మండల దీక్షకు 41 రోజులు పడుతుంది. కనుక అమ్మవారి అనుగ్రహం కన్నా వెల్డింగు నాలుగు రోజులు ఎక్కువ కష్టమని పెద్దలు తేల్చారన్నమాట. ఆ నాలుగు రోజులూ బహుశా తల పైకెత్తి కొట్టే ఓవర్‌హెడ్ వెల్డింగుకు కేటాయించి ఉంటారు.

1950లో కేంద్ర ప్రభుత్వం పనివారి శిక్షణ పథకం మొదలుపెట్టినప్పుడు ఈ రహస్యం పాపం ఎవరికీ తెలియలేదు. అందుకే ఇవాళ్టికీ ఐటీఐలో వెల్డరుకు ఏడాది, ఫిట్టరుకూ టర్నరుకూ రెండేళ్ళు అంటూ కాలాన్ని తగలేస్తున్నారు. ఇంతా చేసి అక్కడ ఫిట్టరు కుర్రాడు మొదట్లో చేసే పని ఏమిటి? బెంచి వైసులో ఇనప ముక్క బిగించి ఆకురాయి పడుతూ నిలబడటం. మధ్యాహ్నానికి అరచేతిలో బొబ్బలు లేస్తాయి. ముక్క నునుపు తేలిందనుకుని మాస్టారి దగ్గరికి తీసుకువెళితే ఆయన దాని మీద మూలమట్టం ఆనించి, కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని, ఒక కన్ను మూసి చూస్తారు. రెండిటి మధ్య వెంట్రుకంత వెలుగు గీత కనబడిందా, ముక్క మళ్ళీ వైసులోకే. ఆ గీతను మాయం చేయడానికి కుర్రాడికి వారాలు పడుతుంది. మన 45 రోజుల సంస్థలో అదే అంశం ఒక స్లయిడులో, టీ రాకముందే పూర్తవుతుంది.

మసాజ్ విభాగం ఇంకా అంతర్జాతీయమైనది. అక్కడ ఎఫ్లరాజ్, పెట్రిసాజ్, టపోట్మాన్ అనే మూడు ఫ్రెంచి మాటలను కుర్రవాళ్ళు ఎక్కాల్లాగా వల్లెవేస్తారు. స్వీడిష్ మసాజ్ అనే ఈ పద్ధతికి ఆ ఫ్రెంచి పేర్లు తగిలించిన ఘనత 19వ శతాబ్దపు డచ్చి వైద్యుడు మెజ్గర్‌ది అంటారు. డచ్చివాడు ఫ్రెంచిలో పేర్లు పెట్టిన స్వీడను విద్యను మన పిల్లలు ఇంగ్లీషు స్లయిడుల్లో నేర్చుకుంటున్నందుకు గర్వపడాల్సిందే. నిమరడం, పిసకడం, తట్టడం అని చెబితే అది బాలింతకు నూనె రాసే ముసలమ్మకు కూడా తెలుసునని బయటపడిపోతుంది. అప్పుడు 18 వేల రూపాయల ఫీజు ఎవరు కడతారు?

కట్టినవారిలో మా చెల్లెలు ఒకతె. గొలుసు తాకట్టు పెట్టి కొడుకును వెల్డింగులో చేర్పించింది. ఆ మేనల్లుడే ఒక శనివారం రాత్రి ఫోను చేసి, "మావయ్యా, రేపు మసాజ్ బ్యాచికి పరీక్ష, పడుకోవడానికి మనుషులు చాలడం లేదట. నీకు ఎలాగూ భుజం నొప్పి కదా, టిఫిను కూడా పెడతారు," అన్నాడు. ఆ విధంగా మన వృత్తివిద్యా వ్యవస్థను నేను బోర్లా పడుకుని పరిశీలించే అవకాశం కలిగింది.

సంస్థ ఒక మిఠాయి దుకాణం పైన మూడో అంతస్తులో ఉంది. ఒకే హాలు, మధ్యలో దుప్పటి కట్టి ఇటు మసాజ్, అటు భారీ పరిశ్రమలు. అటు వైపు ఒక వెల్డింగ్ యంత్రం ఉన్నమాట వాస్తవమే గాని, దాన్ని ప్లగ్గులో పెడితే కింద మిఠాయి దుకాణం ఫ్రిజ్‌లు ఆగిపోతున్నాయని ఇంటి ఓనరు ఒప్పుకోలేదట. దసరాకు దాని నుదుట పెట్టిన కుంకుమ సంక్రాంతి వెళ్ళినా చెక్కుచెదరలేదు.

మసాజ్ బల్లకు తల దగ్గర ఒక గుండ్రటి కన్నం ఉంటుంది. అందులో మొహం పెట్టి పడుకుంటే ఈ లోకంలో పాదాలు తప్ప మరేమీ కనబడవు. నా దగ్గరికి ఒక జత నీలం చెప్పులు వచ్చి నిలబడ్డాయి. వాటి తాలూకు కుర్రాడు నా వీపు మీద నూనె పోసి, నడుం మీద సెల్‌ఫోను నిలబెట్టి, వీడియో పెట్టాడు. వీడియోలో ఆవిడ ఎలా రుద్దితే ఇతను అలా రుద్దుతున్నాడు. నొప్పి కుడి భుజంలో ఉందని మనవి చేసుకున్నాను. "వీడియోలో ఎడమ భుజమే ఉందంకుల్. మీరు కదలకండి, ఫోను పడిపోద్ది," అన్నాడు. మధ్యలో ప్రకటన వచ్చింది. చేతులు ఆగిపోయాయి. ఒక కొత్త అపార్ట్‌మెంటులో ఈతకొలను, క్లబ్ హౌస్ ఉన్నాయని నా నడుం మీద నుంచి ఒక గొంతు ప్రకటిస్తుండగా, నూనె పక్కటెముకల మీదుగా మెల్లగా జారుతుండగా, నేను ఓపికగా నిరీక్షించాను. ప్రకటన దాటాక చేతులు మళ్ళీ కదిలాయి.

దుప్పటికి అవతల వెల్డింగు పరీక్ష జరుగుతున్నట్టు మాటలను బట్టి తెలుస్తోంది. 30 మందికి ఒకటే హెల్మెట్. ఒక్కొక్కరూ అది పెట్టుకుని, హోల్డరులో రాడ్డు బిగించి, చల్లటి ఇనప ముక్క మీద ఆనిస్తే ఫొటో తీస్తారు. మూడో కుర్రాడి దగ్గర పేచీ వచ్చింది. హెల్మెట్ దించితే ఎవరిదైనా ఒకటే ఫొటో. మొహం కనబడకపోతే ఫొటోలు ఎక్కించే పోర్టల్ తీసుకోదు. కనుక అద్దం పైకెత్తి, కళ్ళు పెద్దవి చేసుకుని వెల్డింగు చేయాలని నిర్ణయించారు. 30 మందీ అలాగే చేశారు.

అప్పుడు నల్ల బూట్లు వచ్చాయి. సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ తరఫున వచ్చిన పరీక్షకుడు గారు. ప్రయాణంలో మెడ పట్టేసిందని ఆయన పక్క బల్ల మీద తానే పడుకున్నారు. టాపర్ అని పరిచయం చేసిన తెల్ల బూట్లు వచ్చి ఎఫ్లరాజ్ మొదలుపెట్టగానే ఆయన "అబ్బా" అన్నారు. మరో రెండు జతలు వచ్చి వెళ్ళాయి. చివరికి మేనేజరు గొంతు తగ్గించి ఎవరినో పిలిచాడు. ఈసారి చెప్పులు లేని పాదాలు వచ్చాయి. పగిలిన మడమలు, అరిగిన మెట్టెలు. టీ గ్లాసులు కడిగే ఆయమ్మ. ఆమె ఫోను పెట్టలేదు, పేరు అడగలేదు. ఒక బొటనవేలు ఎక్కడో ఆనించి ఆగినట్టుంది, ఎందుకంటే ఆయన మాట మధ్యలో నిలిచిపోయింది. రెండు నిమిషాల్లో గురక వినబడింది. బ్యాచి మొత్తానికి 'ఏ' గ్రేడు వచ్చింది.

ఆమెను ఎందుకు చేర్చుకోలేదని లేచాక మేనేజరును అడిగాను. ఆవిడ చదువు ఐదో తరగతి, కోర్సుకు పది ఉండాలి. పైగా అంట్లు తోమి తోమి వేలిముద్ర అరిగిపోయింది, హాజరు యంత్రం తీసుకోదు అన్నాడు. ముందే వచ్చిన పనిని పరీక్షించి పత్రం ఇచ్చే పద్ధతి 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలోనే ఉందని చెబితే, "అది వేరే స్కీమండి," అన్నాడు. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే మేస్త్రీల వేళ్ళు చూడండి. వాటికీ గీతలు మిగలవు. పని వచ్చిన చేతిని గుర్తుపట్టలేని యంత్రం గుమ్మంలో కూర్చుంటే, పని రాని చేతులు మాత్రమే లోపలికి వెళ్ళగలవు.

మా మేనల్లుడికి ఎలాగైనా పని నేర్చుకోవాలని తపన. సంస్థలో యంత్రానికి కరెంటు లేదు కనుక తెలిసినవాళ్ళ గ్రిల్స్ షాపులో సాయంత్రాలు రాడ్డు పట్టుకున్నాడు. కళ్ళకేం పెట్టుకోవాలని సంస్థవారిని అడిగితే కూలింగ్ గ్లాసులు చాలన్నారట. ఆ రాత్రి రెండు గంటలకు కళ్ళలో గుప్పెడు ఇసుక పోసినట్టుందని వాడు గోడకు తల కొట్టుకుంటుంటే మా చెల్లెలు తడిగుడ్డ పట్టుకుని కూర్చుని ఏడ్చింది. ఆర్క్ వెల్డింగుకు 10, 11 నంబరు నల్ల అద్దం కావాలని, ఆ మంట అప్పుడు కాక కొన్ని గంటల తరువాత అంటుకుంటుందని గ్రిల్స్ షాపులో మసి తుడిచే పిల్లవాడికి కూడా తెలుసు. 18 వేలు తీసుకున్న మీకు తెలియదా? కస్టమరుకు నమస్కారం పెట్టడం మీద 11 స్లయిడులు ఉన్నాయి, నేను చూశాను. ఒక కాలి పిక్క మాత్రమే వాచి, వేడిగా ఉండి, నొప్పి అంటే దాని మీద చెయ్యి వేయకూడదని, లోపల రక్తం గడ్డ కట్టి ఉంటే అది కదిలి ఊపిరితిత్తుల్లోకి పోయి మనిషి చచ్చిపోవచ్చని చెప్పడానికి ఒక్క స్లయిడు లేదా? ఫిజియోథెరపీ పిల్లలు నాలుగేళ్ళకు పైగా చదివేది ఎక్కడ నొక్కాలో కాదు, ఎక్కడ ముట్టుకోకూడదో తెలియడానికి. మనుషుల వీపులూ పిల్లల కళ్ళూ మీ ఫ్లెక్సీ కన్నా చవకా?

కోపగించుకున్నందుకు క్షమించాలి. నూరు శాతం ఉద్యోగం మాట వాళ్ళు నిలబెట్టుకున్నారని చెప్పకపోతే అన్యాయమవుతుంది. మా మేనల్లుడికి అదే భవనంలో, కింద మిఠాయి దుకాణంలో ఉద్యోగం వచ్చింది. అట్టముక్కలను మడతపెట్టి అరకిలో డబ్బాలు తయారుచేస్తాడు. సంస్థ రిజిస్టరులో వాడి పేరు ఎదురుగా ఫ్యాబ్రికేషన్ అని రాసుకున్నారు.