స్మోలెన్‌స్క్ దస్త్రాల వారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ స్మోలెన్‌స్క్ కమ్యూనిస్టు పార్టీ దస్త్రాల వారి సముఖానికి,

ఉభయకుశలోపరి. 1941లో జర్మన్లు పశ్చిమ రష్యాలోని మీ ఊరు పట్టుకుని మిమ్మల్ని మూటగట్టుకుపోయారు. యుద్ధం ముగిసేసరికి కొంత ఎర్రసైన్యానికి, సుమారు 500 కట్టలు అమెరికన్లకు చిక్కాయి. మాస్కో తలుపులు మూసుకున్న ఆ రోజుల్లో, స్టాలిన్ కాలపు సమాజాన్ని లోపలినుంచి చూద్దామనుకున్న బయటివాళ్లకు మీరే కిటికీ. మరి ఒకే కిటికీలోంచి రెండు ఊళ్లు ఎలా చూపించారండీ?

1958లో అమెరికన్ పండితుడు మెర్ల్ ఫైన్సోడ్‌కు పార్టీ పిడికిలి చూపించారు: కులక్కుల (కలిగిన రైతుల) ఇళ్ల జప్తు, ఒకరి మీద ఒకరి పితూరీలు, భయం. (పిడికిట్లో సందులున్నాయని ఆయనా రాశాడు లెండి.) 1985 నాటికి అమెరికన్ చరిత్రకారుడు ఆర్చ్ గెటీకి గందరగోళం చూపించారు: పోయిన పార్టీ కార్డులు, లెక్క తేలని సభ్యులు, మాస్కో హుకుంను అటకెక్కించే స్థానిక పెద్దలు. 1933 నాటి చీస్త్కా (పార్టీ ప్రక్షాళన), 1935 నాటి కార్డుల తనిఖీ, 1936 నాటి కార్డుల మార్పిడి, ఇవేవీ 1937–38 నాటి రక్తపాతానికి వేసిన మెట్లు కావని, చిట్టాల సర్దుబాట్లని ఆయన వాదన. అందులో పస ఉంది. ఇంగ్లీషువాళ్లు అన్నిటికీ 'పర్జ్' అని ఒకే మాట వాడి, పేరు తీసేయడాన్నీ ప్రాణం తీసేయడాన్నీ కలిపేశారు.

కానీ మీ దగ్గర లేనిదాని గురించి ఒక్క ముక్కైనా హెచ్చరించారా? 1937 జులై 30 నాటి, రహస్య పోలీసుల అధిపతి యెజోవ్ ఆదేశం, 00447 నంబరుది, మీలో లేదు. 1992లో 'త్రూద్' పత్రిక అచ్చేశాక గానీ లోకానికి తెలియలేదు. అందులో ప్రాంతాలవారీగా రెండు గడులు: మొదటిది కాల్చివేతకు, రెండోది 8 నుంచి 10 ఏళ్ల శిక్షకు. మాస్కో ప్రాంతం వాటా 5,000, 30,000. తీర్పు చెప్పేది త్రోయికా, అంటే ముగ్గురు మనుషులు. ఆగస్టు 5న మొదలెట్టి నాలుగు నెలల్లో ముగించాలి. ఆపైన ప్రాంతాల పెద్దలు మా కోటా చాల్లేదు, పెంచండని అర్జీలు పెట్టారు! హుకుం పైనుంచే, అత్యుత్సాహం కిందినుంచి. ఇప్పుడు ఫైన్సోడ్, గెటీలలో ఎవరు నెగ్గినట్టు?

గెటీని మాత్రం ఆడిపోసుకోలేం. 1937–38లో 6,81,692 మందిని కాల్చారన్న రహస్య పోలీసుల లెక్కను 1993లో ఇంగ్లీషు పాఠకుల ముందు పెట్టిన ముగ్గురిలో ఆయనొకరు.

మీ అర్జీల సంగతీ అంతే. ఆవును ఇప్పించమని అడగాలన్నా రైతు పార్టీ పత్రిక భాషలో రాయాలి. అది నమ్మకమా, నటనా? బతకాలంటే పార్టీ భాష పట్టుబడాలని మాగ్నిటోగోర్స్క్ ఉక్కు నగరం ఉదాహరణతో 1995లో చరిత్రకారుడు స్టీఫెన్ కోట్కిన్ చెప్పాక ఆ ప్రశ్నే పాతబడింది. 'అంతా అస్తవ్యస్తం' అన్న తనిఖీ నివేదిక కనబడ్డా అంతే: రాసినవాడు ఎవరి కుర్చీకి ఎసరు పెడుతున్నాడో ముందు తేల్చుకోవాలి.

ఇట్లు,
మీ దుమ్ము పీల్చినవారు

తా.క.: 2002 డిసెంబరులో మిమ్మల్ని రష్యాకు సాగనంపారని తెలిసి సంతోషించాం. మీ మైక్రోఫిల్ములు మాత్రం అమెరికాలోనే ఉన్నాయి, కంగారు పడకండి.