చేతికివ్వాలా, కిటికీలో పెట్టాలా?

విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళ్లి రాత్రి తెనాలిలో రైలు దిగేసరికి నాన్న చేతుల్లో రెండు సంచులున్నాయి. ఆయన శాఖా గ్రంథాలయంలో ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. మా పెదనాన్న కూతురు, అంటే అక్క, హైదరాబాదు నుంచి సెలవులకి వచ్చి మాతో పాటే తిరిగింది. రోజూ రాత్రి ఓ గంట చదవందే పడుకోదు. కానీ ఏం చదువుతున్నావంటే చెప్పదు. చిన్నప్పటి నుంచి వేసవి సెలవులన్నీ ఒకే గదిలో గడిపాం, ఆవిడకి ఏ రచయిత ఇష్టమో నాకిప్పటికీ తెలీదు.

ఇంటికి రాగానే నాన్న సంచిలోంచి ఒక పుస్తకం తీసి, "ఇది నీకోసమే కొన్నాను, తప్పకుండా చదువు" అన్నారు. అక్క చెయ్యి చాచలేదు. భోజనాలయ్యాక కూడా వరండాలో సాగిన ఆ వాదన గుర్తున్నంతవరకు రాస్తున్నాను.

అక్క: వద్దు బాబాయ్. నాకోసం పుస్తకాలు కొనకు. తీసుకున్న రోజు నుంచీ టెన్షనే. "చదివావా?" అని అడుగుతారు. లేదంటే బాధపడతారు. చదివి నచ్చలేదంటే ఇంకా బాధపడతారు. అలా వచ్చినవి ఇప్పటికే పదిహేను దాకా ఉన్నాయి ఇంట్లో. వాటిని చూస్తే అప్పులవాళ్లు గుమ్మంలో కూర్చున్నట్టుంటుంది.

నాన్న: పుస్తకమిస్తే అప్పెలా అవుతుందమ్మా? చెట్టున మామిడికాయలు పండితే పక్కింటికి నాలుగు పంపమూ?

అక్క: మామిడిపండు తినడానికి పది నిమిషాలు చాలు. ఇది పది రోజుల పని. పైగా పండు పంపినవాళ్లు మర్నాడొచ్చి "ఎక్కడ బాగా నచ్చింది? చివర్లో ఏడుపొచ్చిందా?" అని అడగరు.

నాన్న: సరే, నేనూ అడగను. కానీ ఎవరూ ఎవరికీ చెప్పకపోతే పుస్తకం గతేంటి? ఇవాళ స్టాళ్లలో చూశావు కదా. తెలుగులో ఒక కథల పుస్తకం వేస్తే ఐదొందలో వెయ్యో కాపీలు. సినిమాకున్నట్టు దానికి పోస్టర్లుండవు. చదివినవాడు ఇంకొకడికి చెబితేనే అది కదులుతుంది. వట్టికోట ఆళ్వారుస్వామి గారు 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాల అని పుస్తకాల ప్రచురణ సంస్థ పెట్టారు. నిజాం రాజ్యంలో తెలుగు పుస్తకం దొరకడమే కష్టమైన రోజులవి. ఆయన అచ్చేసి ఊరుకోలేదు, మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మారు. కావలసినవాళ్లే వస్తారులే అని సికింద్రాబాదులో కూర్చుని ఉంటే ఏమయ్యేది?

అక్క: ఆయన చేసింది వేరు. పుస్తకమే లేని చోటికి పుస్తకాన్ని తీసుకెళ్లారు. దాన్ని నేనెందుకు కాదంటాను? నా చుట్టూ ఇప్పుడు పుస్తకాలకి కరువు లేదు. ఇది చదువు, అది చదవకు అనేవాళ్లకీ కరువు లేదు. నాకు నేనుగా వెతుక్కునే తీరిక ఒక్కటే లేదు.

నాన్న: ఆ తీరిక లేదనే కదా చెప్పేది! మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడు రంగనాథన్ గారు 1931లో ఐదు గ్రంథాలయ సూత్రాలు పుస్తకంగా తెచ్చారు. ట్రైనింగులో మాకు మొదటి రోజు పాఠం అదే. నాలుగో సూత్రం ఏమంటుందో తెలుసా?

అక్క: తెలుసు. నీ లైబ్రరీ గోడ మీద రాసి ఉండేవి. పుస్తకాలు ఉన్నది వాడుకోవడానికి. ప్రతి పాఠకుడికీ తన పుస్తకం. ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు. పాఠకుడి సమయం ఆదా చెయ్యాలి. గ్రంథాలయం పెరిగే జీవి. వీటిలో "నాకు నచ్చింది కాబట్టి నువ్వూ చదువు" అని ఎక్కడైనా ఉందా?

ఆ సూత్రాలు నాన్నకి ప్రాణం. అందుకేనేమో వెంటనే జవాబు చెప్పకుండా కుర్చీ కొంచెం ముందుకి జరుపుకున్నారు.

నాన్న: మూడోది అదేనమ్మా. పాఠకుడికి కాళ్లున్నాయి, నడిచొస్తాడు. పుస్తకం అర దిగి వెళ్లలేదు. ఎవరో ఒకరు తీసుకెళ్లాలి. మా దగ్గర ఒక కథల సంపుటి ఉండేది. పుస్తకం ఎవరైనా తీసుకెళ్లినప్పుడల్లా తారీఖు ముద్ర వెయ్యడానికి వెనకట్ట లోపల అంటించిన డేట్ స్లిప్ మీద తొమ్మిదేళ్లుగా ఒక్క ముద్ర లేదు. ఒక మధ్యాహ్నం ఏమీ తోచక నేనే చదివాను. సాయంత్రం పేపరు చదవడానికి వచ్చే టైలరుతో, "ఇందులో కుట్టుమిషను అమ్ముకున్నాయన కథ ఒకటుందయ్యా" అన్నాను. తీసుకెళ్లాడు. ఆయన షాపుకొచ్చేవాళ్లు కూడా అడగడం మొదలుపెట్టారు. ఏడాది తిరిగేసరికి స్లిప్ నిండిపోయి పక్కన ఇంకోటి అంటించాను. ఆ మాట అనకపోతే దాన్ని చెదలే చదివేవి.

అక్క: ఆ స్లిప్ అంటే నాకూ ఇష్టం బాబాయ్, నిజంగా. నేను పుస్తకాలు తీసుకున్నది ఆ ముద్రలు చూసే. ఎవరు తీసుకెళ్లారో ఉండదు. నచ్చిందో లేదో ఉండదు. ఫలానా తారీఖున ఎవరో దీన్ని ఇంటికి పట్టుకెళ్లారు, అంతే. ముద్రలు వరసగా దగ్గర దగ్గర తారీఖులతో ఉంటే, ఏదో ఉంది చూద్దాం అనుకునేదాన్ని. అంత మర్యాదగా పుస్తకం గురించి నాకు ఇంకెవరూ చెప్పలేదు. రంగనాథన్ గారు కూడా ఆ మూడో సూత్రం కోసం ఏం చెయ్యమన్నారు? బీరువాల తాళాలు తీసి, పాఠకుణ్ణి అరల మధ్య తిరగనివ్వమన్నారు.

నాన్న: తీశాం. తీశాక ఏం జరిగిందో కూడా చూశాం. కంటి ఎత్తులో ఉన్నవే కదులుతాయి. కింది అరలో ఉన్నదానికోసం వంగేవాడు నూటికొకడు.

అక్క: అయితే వాటిని కంటి ఎత్తుకి మార్చు. చేతిలో పెట్టక్కర్లేదు కదా. 1935లో మన పెదవడ్లపూడికీ కొల్లూరుకీ మధ్య కాలువలో పాతూరి నాగభూషణం గారు వాళ్లు పడవ గ్రంథాలయం నడిపారని నువ్వే చెప్పేవాడివి. నాకు అందులో నచ్చేది అదే. ప్రయాణం ఎలాగూ గంటలు పడుతుంది, పుస్తకాలు ఎదురుగా ఉన్నాయి. కావలసినవాడు తీసుకుని ఉంటాడు. నీళ్లు చూస్తూ కూర్చున్నవాణ్ణి ఎవరూ ఏమీ అని ఉండరు.

నాన్న: ఆ పడవలో ఏ పుస్తకాలు పెట్టాలో ఎవరో ఒకరు ఎంచారు కదమ్మా! ఊళ్లో ఉన్నవన్నీ ఎక్కించలేదుగా. ఎంచి పెట్టడం కూడా చెప్పడమే. మీ నాయనమ్మనే తీసుకో. వారపత్రికల్లో సీరియల్ కాగితాలు వారం వారం చింపి, దాచి, సీరియల్ అయిపోయాక దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండరు అట్ట వేసేది. వీధిలో ఆడవాళ్లందరూ తీసుకెళ్లేవాళ్లు.

అక్క: నాయనమ్మ ఎప్పుడూ ఎవరినీ చదవమనలేదు. ఆ కుట్టినవి వీధి కిటికీలో పెట్టేది. నీళ్లకొచ్చినవాళ్లు చూసి అడిగేవాళ్లు. తిరిగిస్తే తీసుకునేది, అంతే. ఎలా ఉందని కూడా అడిగేది కాదు.

నాన్న: ఎందుకు అడిగేది కాదో తెలుసా? వాళ్లు ఎలాగూ చెబుతారు కాబట్టి. గుమ్మంలో నిలబడి అరగంట చెప్పేవాళ్లు, కూర మాడిపోయేది. పైగా అమ్మ అన్ని సీరియళ్లూ కుట్టలేదు. నాలుగు వారాలు చూసి, నచ్చకపోతే ఆ కాగితాలు పొయ్యిలోకే. మిగిలినవే కిటికీలోకి వచ్చేవి. ఆ కిటికీయే మా అమ్మ నోరు.

ఇక్కడ అక్క చాలాసేపు మాట్లాడలేదు. అప్పటిదాకా నేను మనసులో అక్క వైపే ఉన్నాను. నాయనమ్మ పొయ్యిలో వేసిన సీరియళ్ల సంగతి వినేసరికి అటూ ఇటూ అయ్యాను. తర్వాత అక్క మాట్లాడిన గొంతు వేరేగా ఉంది.

అక్క: తొమ్మిదో తరగతి వేసవి సెలవుల్లో నీ లైబ్రరీకి రోజూ వచ్చేదాన్ని. ఫ్రెండ్ ఇచ్చిన డిటెక్టివ్ నవల ఒకటి తెచ్చుకుని కిటికీ పక్కన బల్ల దగ్గర చదువుకుంటున్నాను. నువ్వొచ్చావు. "ఇలాంటివి చదివితే బుర్ర పాడవుతుంది" అని పుస్తకం తీసేసుకుని, ఇంకో పుస్తకం నా ముందు పెట్టావు. పేపర్లు చదువుతున్న పెద్దవాళ్లు నలుగురు తలెత్తి చూశారు. ఒకాయన నవ్వాడు.

నాన్న: నాకు గుర్తు లేదు.

అక్క: నాకుంది. నువ్వు పెట్టింది మంచి పుస్తకమే, తర్వాత ఎప్పుడో చదివాను. కానీ ఆ రోజు నుంచి నేనేం చదువుతున్నానో ఎవరికీ చెప్పలేదు. ఆఫీసులో కూడా అంతే. "అది ఇంకా చదవలేదా?" అంటారు, లేకపోతే "అయ్యో, అది చదువుతున్నావా?" అంటారు. సిఫారసు చేసేవాళ్లలో సగం మంది చేసేది ఇదే బాబాయ్. నేను చదువుతున్నది తీసేసి, వాళ్లది పెడతారు. చెయ్యి పట్టుకుని లాక్కోరు, అంతే తేడా.

నాన్న: (చాలాసేపటికి) ఆ పని తప్పు. ఇప్పుడు చెబితే ఏం లాభంలే గానీ, తప్పే. ఆ ముప్ఫై ఏళ్లలో ఇంకా ఎంతమంది పిల్లల దగ్గర అలా తీసుకున్నానో. టైలరుకి చెప్పేటప్పుడు ఆయన చేసే పనేంటో చూసుకున్నాను. సొంత అన్నయ్య కూతురు ఏం చదువుతోందో మాత్రం చూడలేదు. ముందు "కథ ఎంతదాకా వచ్చింది?" అని అడగాల్సింది.

అక్క: నిన్ను బాధపెట్టాలని కాదు.

నాన్న: బాధపడనీ. కానీ ఒక్కటి ఒప్పుకోను తల్లీ. లాక్కోవడం తప్పే, అలాగని పుస్తకం గురించి చెప్పడమే మానేస్తే ఎలా? నేను చేసిన పాపానికి నువ్వు చదివినవన్నీ నీలోనే ఉండిపోవాలా? నువ్వు ఏం చదివావో తెలిస్తే దీనికి ఎంత బాగుండేది (నన్ను చూపించారు). ఇది ఇంటర్లో రెండేళ్లు ఒక్క పుస్తకం ముట్టుకోలేదు. నేను చెబితే వినదు, తండ్రిని కాబట్టి. నువ్వు చెబితే వినేది. చదవమని అనక్కర్లేదు. "నేనిది చదువుతున్నాను" అంటే చాలు. అవి రెండూ ఒకటి కాదు. మొదటిది ఎదుటివాళ్ల మీద పని పెట్టడం. రెండోది నీ సంగతి నువ్వు చెప్పుకోవడం. పొద్దున ఏం కూర వండుకున్నావో చెప్పుకోమూ?

అది నిజం. ఆ రెండేళ్లూ అక్క మంచం పక్కన ఉన్న పుస్తకాలకి పేపరు అట్టలు వేసి ఉండేవి. పేరు కనబడకుండా వేసిందని అప్పుడు తెలీదు, శుభ్రం అనుకున్నాను.

అక్క: చెబితే నవ్వుతారేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది బాబాయ్. ముప్ఫై ఆరేళ్లొచ్చినా.

నాన్న: నవ్వేవాళ్లుంటారు. ఉండనీ.

అక్క: పోయిన నెల ఒక నవల చదివాను. అందులో ఒక ముసలావిడ ఉంటుంది. కొడుకు పట్నంలో ఉంటాడు, రమ్మంటాడు. ఆవిడ వెళ్లదు. ఎందుకు వెళ్లదో రచయిత చెప్పడు. చివరిదాకా చెప్పడు. నెల రోజులుగా ఆవిడ నా వెంటే తిరుగుతోంది. బస్సులో కూర్చుంటే ఆవిడే, అంట్లు తోముతుంటే ఆవిడే. ఎందుకు వెళ్లలేదు అని ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తుంది. కానీ అది చదివినవాళ్లు నా చుట్టుపక్కల ఒక్కరూ లేరు.

నాన్న: ఉంటే బాగుండేదా?

అక్క: ఉంటే బాగుండేది.

నాన్న ఆ నవల పేరు అడుగుతారనుకున్నాను. అడగలేదు. కొన్న పుస్తకాన్ని మళ్లీ సంచిలో పెట్టేసి, జేబులోంచి చిన్న డైరీ తీశారు. కొనాల్సిన పుస్తకాలు రాసుకునేది అందులోనే.

నాన్న: ఆ రోజు నేను తీసేసుకున్నానే, ఆ డిటెక్టివ్ నవల. హంతకుడెవరో తర్వాతైనా తెలిసిందా?

అక్క: లేదు. ఫ్రెండుకి తిరిగిచ్చేశాను.

నాన్న: పేరు గుర్తుందా?

అక్క చెప్పింది. నాన్న రాసుకున్నారు.

నాన్న: రచయిత?

అక్క: నా చేతికొచ్చేసరికే ముందు అట్ట లేదు. ఆకుపచ్చ కారొకటి, సినిమా హాలు దగ్గర ఆగి ఉంటుంది. మొదటి అధ్యాయమే.

నాన్న "ఆకుపచ్చ కారు" అని కూడా రాసి కింద గీత గీశారు. ఎల్లుండి మళ్లీ విజయవాడ వెళ్తానని, లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల షాపులన్నీ ఒక్కొక్కటీ చూస్తానని అన్నారు. నేనూ వస్తానంది అక్క.