దండయాత్ర వారి వీడియో క్యాసెట్టుకు కర్నూలు నుంచి ఒక విన్నపం

మహారాజశ్రీ 'ఇండిపెండెన్స్ డే' అనే హాలీవుడ్ సినిమా వీడియో క్యాసెట్టు గారి సముఖానికి, కర్నూలు పాతబస్తీ నుంచి, మీ కారణంగా పాతికేళ్లుగా ఇంటివాళ్ల చేత మాటలు పడుతున్న ఒక అభాగ్యుడు నమస్కరించి వ్రాసుకొనే విన్నపం. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమందరం క్షేమం. మీరూ క్షేమమేనని తలుస్తాను. మీ టేపుకు పట్టిన బూజును కళ్లారా చూసినవాణ్ణి గనుక, ఈ రెండో మాట కేవలం మర్యాద కోసం వ్రాసినదని గ్రహించగలరు.

మొదట మా ఊరి తరఫున ఒక ఫిర్యాదు. మీ సినిమాలో ఆకాశం నుంచి దిగినవాళ్లు వాషింగ్టన్‌ను కాల్చారు, న్యూయార్కును కాల్చారు, లాస్ ఏంజెలెస్‌ను కాల్చారు. రాజధానులనూ మహానగరాలనూ వెతికి వెతికి కాల్చే ఓపిక ఉన్నవారికి, 1953 అక్టోబరు 1 నుంచి 1956 అక్టోబరు ఆఖరు దాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న కర్నూలు ఒకటున్నదని ఎవరూ చెప్పలేదా? ఆ రోజుల్లో మా ప్రభుత్వ కార్యాలయాలు చాలావరకు గుడారాల్లోనే నడిచాయి కాబట్టి, అంత పెద్ద కిరణం కూడా అవసరం లేకుండా ఒక అగ్గిపుల్లతో పని ముగిసి ఉండేది. కొండారెడ్డి బురుజు మీద ఓడ నీడ పడే దృశ్యం ఒక్కటంటే ఒక్కటి ఉంటే మా వీధంతా మిమ్మల్ని నెత్తిన పెట్టుకొని ఉండేది. సరే, పిలవని పేరంటానికి అలగడం తగదు.

మీరు మా ఇంటికి వచ్చిన తీరు కూడా దండయాత్రలా లేదు. మా మామ కడప జిల్లా మిత్రుల వెంట కువైట్‌కు వెళ్లి, నాలుగేళ్లు ఉండి, 1998 వేసవిలో చెల్లెలి పెళ్లికి తిరిగివస్తూ ఒక వీసీఆర్‌ను (మా వీధిలో దాన్ని డెక్కు అనేవారు), రెండు దుప్పట్లను, ఒక సెంటు సీసాను, వాటి మధ్య దెబ్బ తగలకుండా చుట్టిన మిమ్మల్ని తెచ్చాడు. అమెరికాలో అమ్మిన మీ సోదరుల అట్టపెట్టెను ఒకవైపు వాలిస్తే అధ్యక్షుడి తెల్లభవనం నిక్షేపంగా కనిపించేదట, మరోవైపు వాలిస్తే పేలిపోయేదట. మీకు అంతటి వైభవం లేదు. మీ బొమ్మ కింద అరబ్బీ అక్షరాలు మాత్రం పరుగెత్తేవి. ఇంగ్లీషు మాకు అందలేదు. పక్కింటి చాచా ఆ అక్షరాలను చక్కగా కూడబలుక్కొని చదివి, అర్థం మాత్రం తనకు తెలియదని నిజాయితీగా ఒప్పుకున్నారు. అందువల్ల ఆ రాత్రి మా వరండాలో ముప్పైమందిమి ప్రపంచం ఎందుకు నాశనమవుతున్నదో తెలియకుండానే, అది నాశనం కావడాన్ని మహా శ్రద్ధగా తిలకించాము.

పైగా మీరు చూపించిన ఓడ ఒక్కొక్కటి సుమారు 24 కిలోమీటర్ల వెడల్పట! అంటే దాని ఒక అంచు మా ఇంటి మీద ఉంటే రెండో అంచు ఓర్వకల్లు రాళ్ల దరిదాపుల్లో ఉండాలి. అంతటి ఓడను మీరు మా పద్నాలుగు అంగుళాల టీవీలో, అట్లపెనం మీద మూత పెట్టినంత పరిమాణానికి దించారు. వెడల్పాటి తెర కోసం తీసిన బొమ్మను నాలుగుకు మూడు పాళ్ల టీవీలో నిండుగా కూర్చోబెట్టాలన్న తాపత్రయంలో రెండు పక్కలా ఉన్నదాన్ని కోసివేశారు కాబోలు, ఇద్దరు ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకుంటుంటే మాకు ఒకరి ముక్కూ మరొకరి చెవీ మాత్రమే కనిపించేవి. మధ్యమధ్య తెర అడుగున గీతలు లేస్తే మా మామ పాత రెండు రూపాయల నోటును స్పిరిటులో ముంచి డెక్కు హెడ్డును తుడిచేవాడు. మానవజాతి రక్షణకు మా కుటుంబం చేసిన ఆర్థిక సాయం అదొక్కటే.

ఆ రాత్రి అందరికంటే బాగా అర్థం చేసుకున్నది మా అవ్వ అని ఇప్పుడు అనిపిస్తుంది. "అంత దూరం నుంచి వాళ్లు యాడికి వచ్చినారురా, ఎందుకు వచ్చినారు?" అని ఆమె అడిగింది. వాళ్లు మిడతల దండులాంటి వాళ్లనీ, ఒక్కో లోకం మీద వాలి అక్కడి నీళ్లూ నేలా అన్నీ పీల్చేసి ఇంకో లోకానికి పోతారనీ మామ తనకు తెలిసినంతలో చెప్పాడు. అవ్వ కొంచెంసేపు ఆలోచించి, "అట్లయితే ఈడికి రారులే, ఆరు నూర్ల అడుగులు బోరేసినా మనకే నీళ్లు పడలే" అని, తమలపాకు ఈనె తీస్తూ కూర్చుంది. మమ్మల్ని ఎందుకు వదిలేశారని నేను పైన అడిగిన ప్రశ్నకు జవాబు ఆ రాత్రే దొరికిందన్నమాట. అయినా ఫిర్యాదు ఫిర్యాదే.

ఇక అసలు నేరానికి వస్తాను. తెరమీద అధ్యక్షుడు తెల్లవారకముందు తన విమాన చోదకులందరినీ చుట్టూ చేర్చుకొని, మైకు అందుకొని, గొంతు సవరించుకున్నాడో లేదో, కరెంటు పోయింది. గ్రహాంతరవాసుల రక్షణ కవచాన్ని పడగొట్టడానికి మీ వీరులు అంతరిక్షం దాకా వెళ్లి కంప్యూటరు వైరస్సును ఎక్కించవలసి వచ్చిందని తరువాతెప్పుడో తెలిసింది. మా సబ్‌స్టేషను వారికి కబురు పెట్టి ఉంటే ఆ కవచాన్ని రోజుకు ఆరు గంటలు ఉచితంగా తీసి ఉంచేవారు. కరెంటు వచ్చేసరికి అందరూ నిద్రపోయారు. మీరు ఆగినచోటనే ఆగి ఉన్నారు. మిమ్మల్ని వెనక్కి తిప్పి పెట్టాలన్న బుద్ధి ఎవరికీ పుట్టలేదు.

వారం తిరక్కుండా మా చిన్నమ్మ పెళ్లి జరిగింది. వీడియో తీసినవాడు పెళ్లి క్యాసెట్టుకు నకలు తీసి ఇస్తాను, ఖాళీ క్యాసెట్టు కొనుక్కురమ్మన్నాడు. కువైట్‌లో నాలుగేళ్లు పైసా పైసా కూడబెట్టిన మా మామ, ఇంట్లో క్యాసెట్టు ఉండగా మరొకటి కొనడమెందుకని, మీ వెన్నున పలక విరిచిన చిల్లు మీద ఇంత సెల్లోటేపు అంటించి మిమ్మల్ని అతని చేతిలో పెట్టాడు. ఆ చిల్లు రికార్డింగును అడ్డుకోవడానికి ఉన్నదని తెలిసినవాడికి దాన్ని మూయడమూ తెలుస్తుంది కదా! అతను మీరు ఆగిన చోటి నుంచే మొదలుపెట్టి, మిగిలిన అరగంటలో పట్టినంత పెళ్లిని పట్టించాడు. అప్పటి నుంచి మా ఇంట్లో ఆ సినిమా కథ ఇలా నడిచేది: వాషింగ్టన్ తగలబడుతుంది, లోకమంతా గగ్గోలు పెడుతుంది, అధ్యక్షుడు నోరు తెరుస్తాడు, సన్నాయి మోగుతుంది, మా చిన్నమ్మ తలంబ్రాలు పోస్తుంది. మీరు ఎంత గింజుకున్నా ఇంతకంటే మంచి ముగింపు మీకు దొరికి ఉండేది కాదు.

మీ జాతకం కూడా మొదటి నుంచీ బాగాలేదు లెండి. సినిమా 1996 జూలైలో హాళ్లకు వచ్చింది. ఐదు నెలలు నిండకుండానే, నవంబరు 22న, మీరు అమెరికా దుకాణాల్లోకి దిగారు. సరిగ్గా అదే నెల ఒకటో తేదీన జపానులో డీవీడీ ప్లేయర్ల అమ్మకం మొదలయింది. అంటే మీ పురిటి మంచం పక్కనే మీ పాడె కట్టడం మొదలుపెట్టారు. 2000లో అదే సినిమాను వెండి పళ్లెంలో పెట్టి మళ్లీ అమ్మారు, ఆ తరువాత బ్లూ-రే అని నీలి పెట్టెలో పెట్టి అమ్మారు, ఇరవయ్యో ఏట 4కె అని మరోమారు అమ్మారు. ఒకే ఇంటిని నాలుగుసార్లు దోచుకొని ప్రతిసారీ రసీదు ఇచ్చిపోయే ఈ పద్ధతి ముందు ఆ 24 కిలోమీటర్ల ఓడల యుద్ధతంత్రం పిల్లలాట. 2016 జూన్‌లో సినిమా రెండో భాగంలో వాళ్లు తిరిగి వచ్చారు. జూలైలో, వీసీఆర్‌లు చేస్తున్న ఆఖరి జపాను సంస్థ కూడా వాటి తయారీ ఆపేసింది.

అప్పటికి మీరు ఏనాడో నీళ్ల పాలయ్యారు. 2009 అక్టోబరు 2న తుంగభద్రా హంద్రీ కలిసి ఊరిలోకి వచ్చినప్పుడు, మేము అవ్వను కుర్చీతో సహా మేడమీదికి ఎత్తుకున్నాము గానీ, బీరువా కింది అరలో ఉన్న మిమ్మల్నీ, చిన్నమ్మ అసలు పెళ్లి క్యాసెట్టునూ ఎవరూ తలచుకోలేదు. మరునాడు ఆకాశంలో హెలికాప్టరు చప్పుడు వినబడగానే అవ్వ కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకొని పైకి చూసి, "వాళ్లేనా?" అని అడిగింది. పక్క మేడమీద పొట్లాలు పడ్డాయి. వాటిలో నీళ్ల ప్యాకెట్లు ఉండడం చూసి ఆమె, "మిడతలన్నారే, నీళ్లు ఇచ్చిపోతుండారు" అని ఆశ్చర్యపోయింది.

వరద తీశాక అసలు పెళ్లి క్యాసెట్టు కనిపించలేదు, మీరు మాత్రం బురదలో దొరికారు. 1898లో పుస్తకంగా వచ్చిన హెచ్.జి. వెల్స్ నవలలో అంగారకుల దండు సూక్ష్మజీవుల చేతిలో చచ్చింది. మీ సినిమాలోని దండు వైరస్సుతో దెబ్బతిన్నది. మీకు బూజు పట్టింది. వంశాచారం తప్పలేదు. ఎండబెట్టి, గుడ్డలో చుట్టి, ఇన్నేళ్లూ దాచి, మొన్న ఈ మధ్యనే పాత క్యాసెట్లను పెన్‌డ్రైవులోకి ఎక్కించే ఒక దుకాణంలో మిమ్మల్ని అప్పగించాము. ఆ కుర్రవాడు మీ టేపును విప్పి, తుడిచి, వేరే క్యాసెట్టు పెట్టెలో చుట్టి, వారం రోజులు తంటాలు పడ్డాడు.

చిన్నమ్మను పక్కన కూర్చోబెట్టుకొని పెన్‌డ్రైవును టీవీకి తగిలించాను. తెల్లభవనం నిన్న తగలబెట్టినంత నిగనిగలాడుతూ కాలింది. అధ్యక్షుడు మైకు అందుకున్నాడు. ఆ తరువాత అరగంటా చుక్కలే. చుక్కల వెనుక ఎక్కడో సన్నాయి ఒకసారి వినబడి ఆగిపోయింది. చిన్నమ్మ చాలాసేపు ఆ చుక్కలనే చూసి, "వాళ్ల ఇల్లు కాలింది నాకెందుకురా, నా పెళ్లి ఏదీ?" అన్నది.

ఆమెకు ఏమని చెప్పమంటారో తిరుగుటపాలో తెలియజేయ ప్రార్థన.

ఇట్లు
మీ డెక్కు యజమాని మేనల్లుడు