గేదెలు కాయడానికి పనికొచ్చే చదువు

తెలుగునాట పిల్లల చేత పుస్తకం పట్టించడానికి పెద్దలు ప్రయోగించే ఆయుధాలలో అన్నిటికన్నా పదునైనది “చదువుకోకపోతే గేదెలు కాసుకుంటావురా” అన్న వాక్యమని మన విద్యావేత్తలు ఎప్పటికైనా ఒప్పుకొని తీరుతారు. ఒంగోలుకు దగ్గరలో ఒక పల్లెలో పుట్టిన నేను ఆ వాక్యానికి ఎంతగా భయపడ్డానంటే, ఆ భయంతోనే పదో తరగతి, ఆ ఊపులోనే ఇంజనీరింగు, ఊపు తగ్గకముందే అమెరికాలో ఎమ్మెస్సు పూర్తి చేసి, వీసా వరుసల్లో నిలబడి, చివరికి హ్యూస్టన్ శివారులోని కేటీలో నాలుగు పడకగదుల ఇల్లు కొనుక్కుని, మొన్న ఫిబ్రవరిలో ఒక శనివారం ఉదయం పశువుల కాపరి వేషం కొనడానికి దుకాణానికి వెళ్ళాను. ఖర్చు ఐదు వందల డాలర్ల పైచిలుకు. చదువు మానేసి ఊళ్ళోనే ఉండిపోయి ఉంటే ఈ హోదా నాకు పదమూడో ఏటనే, ముల్లుగర్రతో సహా, ఉచితంగా దక్కేది.

సందర్భం చెప్పాలి. హ్యూస్టన్‌లో 1932లో మొదలైన పశుప్రదర్శన, తర్వాత దానికి తోడైన రోడియో, అంటే గుర్రాల మీద, ఎద్దుల మీద స్వారీ పోటీలు, ఈ నగరానికి తిరునాళ్ళ వంటివి. అవి మొదలయ్యే ముందు వచ్చే శుక్రవారాన్ని ‘గో టెక్సన్ డే’ అంటారు. ఆ రోజు బడిపిల్లల దగ్గరి నుంచి బ్యాంకు ఉద్యోగుల వరకు అందరూ కౌబాయ్‌లైపోతారు. ఆ వారంలోనే చుట్టుపక్కల ప్రాంతాల నుంచి గుర్రాల మీద, బండ్ల మీద రోజుల తరబడి ప్రయాణించి వచ్చే బృందాలు మెమోరియల్ పార్కులో విడిది చేస్తాయి. వాటిలో పేరున్న సాల్ట్ గ్రాస్ యాత్ర 1952లో మొదలైంది. ఆ యాత్రికుల మీద నాకు గౌరవం ఉంది, ఎందుకంటే వాళ్ళ దగ్గర కనీసం గుర్రం ఉంది. మా ఆఫీసు సంగతి వేరు. పోయిన ఏడాది మామూలు చొక్కా, పరుగు బూట్లతో వెళ్ళిన నన్ను, న్యూజెర్సీ నుంచి బదిలీ మీద వచ్చి పట్టుమని పది నెలలు కాని మా మేనేజరు, కొత్త టోపీ అంచు కింద నుంచి జాలిగా చూశాడు. ఆ చూపుకు జవాబు చెప్పకపోతే ఒంగోలు పరువు ఏం కావాలి?

కౌబాయ్ అన్న మాటను మా ఊరి తెలుగులోకి దించితే పాలేరు. 1971లో ‘మోసగాళ్లకు మోసగాడు’లో కృష్ణగారు ఈ వేషం కట్టినప్పటి నుంచి మనకు కౌబాయ్ అనగానే గుర్రమూ తుపాకీయే గుర్తుకొస్తాయి గాని పశువు గుర్తుకు రాదు. నిజానికి అతనొక జీతగాడు. 1865లో అమెరికా అంతర్యుద్ధం ముగిశాక, టెక్సస్‌లో అడ్డూ ఆపూ లేకుండా పెరిగిపోయిన పొడుగు కొమ్ముల పశువులను ఉత్తరాన కాన్సస్ రైలు స్టేషన్ల దాకా తోలుకుపోవడం అతని పని. నెలకు ముప్పై నలభై డాలర్లు ముట్టేవి, తిండి యజమానిది. వాళ్ళలో మెక్సికన్లూ నల్లవాళ్ళూ చాలామంది. ఆ పని నేర్పినవాళ్ళు స్పానిష్ మాట్లాడే వకేరోలు, ఆ పేరు కూడా ఆవు నుంచి పుట్టినదే. 1874లో ముళ్ళతీగకు పేటెంటు వచ్చి, రైళ్ళు టెక్సస్ లోపలికి కూడా చేరుకున్నాక, ఇరవై ఏళ్ళు తిరగకుండానే ఆ కొలువు మూతబడింది. అతని కాలి తొడుగు ఇప్పుడు 289 డాలర్లు, అంటే అతని ఎనిమిది నెలల జీతం.

దుకాణం తలుపు తీయగానే తోలు వాసన గుప్పుమంది. ఆ వాసన నాకు కొత్త కాదు. మా ఊళ్ళో కిర్రు చెప్పులు కుట్టే ఇంటి ముందు ఇదే వాసన వచ్చేది. అక్కడ ముక్కు మూసుకుని దాటేవాళ్ళం, ఇక్కడ గుండెల నిండా పీల్చుకుని ధర అడుగుతున్నాం. తెల్ల మీసాల పెద్దాయన ఒకరు ఎదురొచ్చి “హౌడీ” అని, బూట్లు స్వారీకా, పొలం పనికా, నాట్యానికా అని మర్యాదగా అడిగారు. “ఆఫీసుకు” అన్నాను. ఆయన ముఖంలో ఏ మార్పూ రాలేదు. ఆ నిగ్రహానికే ఆయనకు జీతం ఇస్తున్నారని అర్థమైంది.

తర్వాత ఆయన ఒక బూటును చేతిలోకి తీసుకుని చెప్పిన విషయాలు ఎంతో ఉపయోగకరమైనవి, నాకు తప్ప. మొన సన్నగా ఉన్నది ఎందుకంటే, జీను పక్కన వేలాడే రికాబులోకి కాలు చటుక్కున దూరడానికి. మడమ ఎత్తుగా, లోపలికి వాలి ఉన్నది ఎందుకంటే, దూరిన కాలు రికాబును దాటి అవతలికి జారిపోకుండా ఉండడానికి. అడుగు తోలు నున్నగా ఉన్నది, లేసులు లేనిది ఎందుకంటే, ఒకవేళ గుర్రం కింద పడేసి ఈడ్చుకుపోతే కాలైనా, కాలు ఇరుక్కున్న బూటైనా ఊడివచ్చి మనిషి ప్రాణాలతో మిగలడానికి. పొడుగాటి గొట్టం ముళ్ళ పొదల నుంచి, పాముల నుంచి పిక్కను కాపాడడానికి. ఇన్ని కారణాలూ గుర్రం ఎక్కేవాడివే, నేను ఎక్కేది మినీవ్యాను. ఆ నున్నటి అడుగుతో మా ఆఫీసు గచ్చు మీద నడవడం అంటే నాచు పట్టిన కోనేటి మెట్ల మీద నడవడమే. ఆ ఎత్తు మడమతో బ్రేకు తొక్కడం మరో విద్య.

తోలు దగ్గర ధర్మసంకటం ఎదురైంది. గోడ నిండా ఉన్నవి ఎక్కువగా ఆవు తోలువే. ఆవును కాసేవాడి పాదాలకు ఆవు తోలే తొడగడంలో ఆ సమాజానికి ఏ వైరుధ్యమూ కనిపించలేదు గాని, ఇంటికి వెళ్తే మా అమ్మ ఫోను వస్తుంది. “ఆవు కానిది చూపించండి” అన్నాను. పెద్దాయన ఉత్సాహంగా నిప్పుకోడి, కొండచిలువ, స్టింగ్‌రే అనే ముల్లుతోక చేప, దక్షిణ అమెరికా మొసలి వరుసగా చూపించారు. నిప్పుకోడి తోలు మీద ఈకలు పీకిన చోటల్లా కందికాయ గింజంత బొడిపెలు ఉంటాయి. ఆ బొడిపెలు ఎంత దట్టంగా ఉంటే ధర అంత ఎక్కువ. మన దగ్గర ఒంటి మీద అలాంటివి లేస్తే వేపాకు తెప్పిస్తాం. చివరికి మేక తోలు దగ్గర నేనూ నా మనస్సాక్షీ రాజీపడ్డాం. మా ఆవిడ మాత్రం ముందుచూపుతో, “అత్తయ్యగారితో రెక్సిన్ అని చెప్పండి” అంది.

తొడిగే పద్ధతి కూడా చెప్పుకోదగినది. పైనున్న రెండు తోలు పట్టీలలో వేళ్ళు దూర్చి, కూర్చున్న చోటి నుంచి సగం లేచి, పళ్ళు బిగించి లాగితే, పాదం మలుపు దగ్గర ఒక క్షణం ఆగి, ‘టప్’మని లోపలికి దిగాలి. ఆ శబ్దం రాకపోతే సైజు తప్పని పెద్దాయన సిద్ధాంతం. నడిచేటప్పుడు మడమ కొద్దిగా పైకి లేస్తుంటే కంగారుపడకూడదట, అడుగు తోలు వంగడం నేర్చుకున్నాక అదే సర్దుకుంటుందట. మా తాతయ్య కొత్త కిర్రు చెప్పులకు ఆముదం పట్టించి, నాలుగు రోజులు ఎండలో నీడలో మార్చి మార్చి పెట్టి, ఐదో రోజు కాలికి బొబ్బలతోనే పొలం వెళ్ళేవాడు. బొబ్బల విషయంలో రెండు నాగరికతలకూ తేడా లేదు.

టోపీల విభాగానికి ఒక గర్భగుడి లక్షణం ఉంది, అక్కడ అందరూ మెల్లగా మాట్లాడతారు. టెక్సస్‌కు ప్రాణసమానమైన ఈ టోపీని జాన్ స్టెట్సన్ అనే ఆయన 1865లో వ్యాపారం పెట్టి తయారుచేసింది ఫిలడెల్ఫియాలో. అంటే పశువుల వాసన సోకని పట్టణంలో. కాబట్టి పట్టణవాసి కౌబాయ్ టోపీ పెట్టుకోవడం కాదు గాని, కౌబాయ్‌కే పట్టణవాసి టోపీ పెట్టాడని చరిత్ర చెబుతోంది. బొచ్చును ఒత్తి చేసే ఫెల్ట్ టోపీ లోపల 4ఎక్స్, 10ఎక్స్, 100ఎక్స్ అని అంకెలు ఉంటాయి. కుందేలు బొచ్చు ఎంత, బీవరు అనే నీటి జంతువు బొచ్చు ఎంత అన్నదానికి అది సూచన అంటారు గాని, ఒక కంపెనీ ఎక్స్‌కూ మరో కంపెనీ ఎక్స్‌కూ పొంతన ఉండాలన్న నియమమేదీ లేదు. మన ఇంజనీరింగు కాలేజీల ర్యాంకులతో పరిచయం ఉన్నవాడికి ఇది వివరించనక్కరలేదు. ‘పది గ్యాలన్ల టోపీ’ అని పేరు పొందిన దానిలో ఒక్క గ్యాలను నీళ్ళు కూడా పట్టవు. నా తల కొలిచి ఏడుంబావు అన్నారు. ధాన్యం కొట్టులో తప్ప ఎక్కడా వినని ఆ భిన్నాన్ని అమెరికాలో నా తలకు వాడడం చూసి ముచ్చటేసింది.

చౌకగా ఉందని నేను గడ్డి టోపీ అందుకున్నాను. అందుకుని, అద్దం ముందు నిలబడి, లోపలి పట్టీకి ఉన్న చిన్న ముడి నుదుటి మీదికి వచ్చేలా పెట్టుకున్నాను. పక్కనున్న అమ్మాయి ఒక్క మాట అనకుండా దాన్ని తీసి, అర చుట్టు తిప్పి, మళ్ళీ నా తల మీద పెట్టింది. ముడి వెనక్కి ఉండాలట. పైగా గడ్డి టోపీ ఈస్టరు నుంచి సెప్టెంబరు మొదట్లో వచ్చే లేబర్ డే వరకేనట, ఫిబ్రవరిలో ఫెల్ట్ టోపీయే పెట్టాలట. టోపీని అంచు మీద కాక నెత్తి భాగం కిందికి వచ్చేలా వెల్లకిలా పెట్టాలి, లేకపోతే అంచు వంగుతుంది, అదృష్టమూ కారిపోతుంది. మంచం మీద అసలే పెట్టకూడదు, అరిష్టం. శకునాలూ మడీ మైలా మన ఒక్కరి సొత్తనుకుని పాతికేళ్ళుగా మొహమాటపడుతున్న నాకు కొండంత ధైర్యం వచ్చింది. ఆ అమ్మాయి ఫెల్ట్ టోపీని ఇడ్లీ కుక్కరులా బుసలు కొడుతున్న ఆవిరి గొట్టం మీద తిప్పుతూ, నెత్తిన నడుమ ఒక గీత, పక్కల రెండు సొట్టలు నొక్కి, అంచులను వేళ్ళతో పైకి మలిచి ఇచ్చింది. అది ఒక్కటే ఆ రోజు నేను చూసిన నిజమైన పనితనం. దానికి 189 డాలర్లు ఇవ్వడానికి చేయి వణకలేదు.

బెల్టు బిళ్ళ గురించి రెండు మాటలు చాలు. పళ్ళెమంత ఉండే ఆ బిళ్ళను రోడియోలో గెలిచినవాడికి బహుమతిగా ఇస్తారు. గెలవనివాడు 64 డాలర్లకు కొనుక్కోవచ్చు. శాలువా, జ్ఞాపిక తానే తెచ్చుకుని సన్మానం చేయించుకునే ప్రముఖులున్న సమాజం నుంచి వచ్చినవాణ్ణి కనుక ఈ ఏర్పాటు నాకు సబబుగానే తోచింది.

శుక్రవారం ఆఫీసులో అంతా సవ్యంగా జరిగింది, ఒక్కసారి మాత్రమే జారాను. చిక్కు శనివారం వచ్చింది. ఊళ్ళో ఊరేగింపు చూసి అదే వేషంతో తిన్నగా మిత్రుడి గృహప్రవేశానికి వెళ్ళాను. గడప ముందు అరవై జతల చెప్పులు ఉన్నాయి, లోపల సత్యనారాయణ వ్రతం మూడో కథలో ఉంది. గుర్రం ఈడ్చుకుపోతే ఊడిరావాలని నిర్మించిన బూటు, మామూలుగా నిలబడి లాగితే ఊడిరాదు. అందుకు చీలిన కొయ్య పలక ఒకటి విడిగా అమ్ముతారని, దాన్ని నేను కొనలేదని అప్పుడు తెలిసింది. మిత్రుడి బాబాయిగారు పంచె ఎగ్గట్టి, నా కాలు తన మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, “ఊపిరి బిగబట్టు బాబూ” అని లాగారు. ఐదో కథ అయ్యేసరికి రెండో బూటు వచ్చింది. ప్రసాదం మాత్రం దక్కింది.

మరుసటి వారం పశుప్రదర్శనకు పిల్లల్ని తీసుకెళ్ళాను. ఒక కొట్టం ముందు నా కాళ్ళు ఆగిపోయాయి. తెల్లటి ఒళ్ళు, ఎత్తైన మూపురం, వేలాడే గంగడోలు ఉన్న ఆ ఎద్దు సంక్రాంతికి మా ఊళ్ళో బండ లాగే ఎద్దుకు పినతండ్రి కొడుకులా ఉంది. అనుమానం నిజమే. టెక్సస్ ఎండలకూ పురుగులకూ తట్టుకోలేక ఐరోపా జాతులు సొమ్మసిల్లుతుంటే, ఇక్కడి రైతులు భారతదేశపు పశువులను తెప్పించుకున్నారు. 1906లో పియర్స్ రాంచ్‌కు చెందిన ఏ.పి. బోర్డెన్ మన దేశం నుంచి ఓడలో తెచ్చుకున్నాడు. గిర్, గుజరాతు, కృష్ణా లోయ జాతులతో పాటు నెల్లూరు జాతి, అంటే మన ఒంగోలు జాతి రక్తం కలిసి తయారైనదే ఈ అమెరికన్ పశువు. దానికి వాళ్ళు పెట్టిన పేరు బ్రాహ్మన్. ఆ పేరు మీద వ్యాఖ్యానించే ధైర్యం నాకు లేదు. రోడియోలో కౌబాయ్‌ని ఎనిమిది సెకన్లు నిండకుండానే నేలకు కొట్టే ఎద్దులు చాలావాటిలో ఆ రక్తం ఉంది. ఎద్దు మనది, ఎండ మనలాంటిది, పనీ మనకు తెలిసినదే. టోపీ ఒక్కటి ఫిలడెల్ఫియాది, డబ్బంతా దాని మీదే.

కాబట్టి ఒంగోలు కేంద్రంగా ఒక కాపరి వస్త్రాలయం వెంటనే తెరవాలని నేను ప్రతిపాదిస్తున్నాను. తలగుడ్డకు ఎక్స్‌లు వేయాలి. మృగశిర కార్తె ముందు తెల్లది, తర్వాత గొంగడి కొప్పెర అని నియమం పెట్టి, తప్పినవాణ్ణి జాలిగా చూసే ఉద్యోగిని ఒకరిని నియమించాలి. ముల్లుగర్ర ఇరవై రకాల కర్రల్లో దొరకాలి, కొనేవాడికి ఎద్దు ఉందా అని ఎవరూ అడగకూడదు. ఏడాదికొక శుక్రవారం హైదరాబాదు ఐటీ కంపెనీలన్నీ కిర్రు చెప్పులతో ఆఫీసుకు రావాలి. మొదటి పదేళ్ళు నవ్వుతారు, తర్వాత వాయిదాల మీద కొంటారు.

టెక్సస్‌లో గొప్పలు పోయేవాణ్ణి “టోపీయే గాని పశువుల్లేవు” అంటారట. మా కాలనీ సంఘం నియమావళిలో కోడిని పెంచడం కూడా నిషిద్ధం కనుక, చట్టానికి లోబడి బతికే మా వీధిలో వాళ్ళమందరం ఆ వర్గంలోకే వస్తాం.

ఆదివారం వేషమంతా వేసుకుని నాన్నకు వీడియో కాల్ చేశాను. ఆయన చాలాసేపు చూసి, “బావుందిరా, మొత్తం ఎంతయింది?” అన్నారు. చెప్పాను. డాలర్లను రూపాయల్లోకి మార్చడంలో ఆయనకు ఏ యంత్రమూ సాటిరాదు. “ఇంకొంచెం వేస్తే చూడి గేదె వచ్చేది కదరా” అన్నారు.

“ఇక్కడ కట్టేయడానికి చోటు లేదు నాన్నా” అంటూ ఫోను తిప్పి పెరడు చూపించాను.

“గడ్డి బాగానే ఉందిగా” అన్నారు.

వారం వారం ఆ గడ్డి కోయించి పారబోయించడానికి నెలకు నూట అరవై డాలర్లు ఇస్తున్నానని ఆయనకు ఇంతవరకూ చెప్పలేదు.