ప్రధాన ఇంటర్‌ప్రెటర్ పరువు కాపాడుకుందాం

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషను నడిపే యంత్రాంగంలో కొన్నేళ్లుగా ఒక విచ్ఛిన్నకర ధోరణి ప్రబలుతోందని, సకాలంలో అరికట్టకపోతే కేంద్ర స్థానాల పెద్దరికానికే ముప్పు తప్పదని ఉత్తరాంధ్ర పాఠకలోకం దృష్టికి తీసుకురావడం నా కర్తవ్యంగా భావిస్తున్నాను. ఒకే ప్రాసెస్‌లో, అంటే నడుస్తున్న ఒకే ప్రోగ్రాంలో, అనేక ఇంటర్‌ప్రెటర్లు, అంటే పైథాన్ కోడ్‌ను చదివి అమలుచేసే యంత్రాలు, ఉండవచ్చట. ప్రతిదానికీ సొంత తాళం ఉండాలట. అంతటితో ఆగక, బయటి నుంచి వచ్చిన థ్రెడ్, అంటే ప్రోగ్రాంలో పక్కపక్కనే నడిచే పనుల్లో ఒకటి, తాను ఏ ఇంటర్‌ప్రెటర్‌లోకి వెళ్లదలచిందో ముందుగా చెప్పుకునే వీలు కూడా కల్పించాలట.

ప్రధాన ఇంటర్‌ప్రెటర్‌కు తోడుగా సృష్టించే ఈ ఉప ఇంటర్‌ప్రెటర్లు నిన్నా మొన్నా పుట్టినవి కావు. 1997లో వచ్చిన పైథాన్ 1.5 నాటి నుంచీ సీ భాషలో రాసేవారికి అందుబాటులో ఉన్నాయి. ఎవరి మాడ్యూళ్లు (కోడ్ భాగాలు) వారివే అయినా, ప్రాసెస్ మొత్తానికీ ఒకటే తాళం, అదే ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే పైథాన్ కోడ్ నడపనిచ్చే, గిల్ అనబడే గ్లోబల్ ఇంటర్‌ప్రెటర్ లాక్, ఉండేది. ఒకరు నడుస్తుంటే తక్కినవారు నిలబడేవారు. పైథాన్ 3.2 వచ్చాక, నిలబడి విసిగిన థ్రెడ్ అయిదు మిల్లీసెకన్లు ఆగి వినయంగా తన వంతు అడిగేది. పాతికేళ్లు ఈ క్రమశిక్షణ చెక్కుచెదరలేదు. 2023 అక్టోబరులో విడుదలైన 3.12లో పైథాన్ అభివృద్ధికారుడు ఎరిక్ స్నో రాసిన పెప్ 684 (పెప్ అంటే పైథాన్‌లో మార్పులకు రాసే ప్రతిపాదన పత్రం) పుణ్యమా అని ఇంటర్‌ప్రెటర్‌కొక గిల్ పెట్టుకునే హక్కు వచ్చింది. 2025 అక్టోబరులో 3.14 వచ్చేసరికి కంకరెంట్ డాట్ ఇంటర్‌ప్రెటర్స్ అనే మాడ్యూల్ పేరిట ఆ హక్కు సీ భాష రాని సామాన్యుల చేతికి కూడా చిక్కింది.

ఈ ఉపద్రవంలోనూ కేంద్రానికి విధేయంగా నిలబడిన ఒకే ఒక్క ఉద్యోగి గురించి చెప్పకపోతే కృతఘ్నత అవుతుంది. ఆ ఉద్యోగి పేరు పైగిల్‌స్టేట్_ఎన్ష్యూర్, సీ భాషలో పిలిచే ఒక పైథాన్ ఫంక్షన్. 2003 నాటి పైథాన్ 2.3లో పెప్ 311 ద్వారా కొలువులో చేరింది. పైథాన్‌కు తెలియకుండా ఏదో సీ లైబ్రరీ సృష్టించిన థ్రెడ్, ఉదాహరణకు ఒక సెన్సర్ కొత్త రీడింగ్ వచ్చిందని కాల్‌బ్యాక్‌ను (ముందే అప్పగించి ఉంచిన ఫంక్షన్‌ను) పిలిచే థ్రెడ్, పైథాన్ కోడ్ నడపాలంటే సాధారణంగా ముందు ఈ ఫంక్షన్ గుమ్మం తొక్కాలి. ఇది ఆ థ్రెడ్‌కు ఒక థ్రెడ్ స్టేట్ (అది ఏ ఇంటర్‌ప్రెటర్‌కు చెందిందో తదితర వివరాల చీటీ) తయారుచేసి, తాళం ఇప్పించి లోపలికి పంపుతుంది. ఇందులోని ఘనత ఏమిటంటే, దీనికి ఆర్గ్యుమెంట్లు లేవు. ఏ ఇంటర్‌ప్రెటర్ అని అడగదు, చెప్పినా వినే చెవి లేదు. తొలిసారి వచ్చిన థ్రెడ్ ఏదైనా సరే, నేరుగా ప్రధాన ఇంటర్‌ప్రెటర్‌కే.

దీని విలువ మన జిల్లాలవారికి తెలిసినంతగా మరొకరికి తెలియదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు పాలకొండ, సీతంపేట శ్రీకాకుళం నుంచి పార్వతీపురం మన్యం జిల్లాకు వెళ్లాయి. రాజాం, వంగర విజయనగరంలో కలిశాయి. ఆ మర్నాటి నుంచి సోమవారం గ్రీవెన్సులో కూర్చునే గుమాస్తా ఒకాయన, మండలం పేరు రాసే గడి లేని అర్జీ ఫారాలు పంచుతూ, వంగర రైతునూ సీతంపేట రైతునూ శ్రీకాకుళం వరసలోనే నిలబెడుతున్నాడని ఊహించుకోండి. అలాంటి గుమాస్తా ఎక్కడా లేడు, జనం కొత్త కలెక్టరేట్లకు అలవాటుపడ్డారు. పైథాన్‌లో మాత్రం ఆయన 2003 నుంచి అదే కుర్చీలో ఉన్నాడు, ఫారంలో నేటికీ గడి లేదు.

దీనివల్ల ప్రమాదాలు జరుగుతున్నాయని గిట్టనివారు ప్రచారం చేస్తున్నారు. వారి వాదన కూడా వినిపించడం పత్రికా ధర్మం. ఒక ఉప ఇంటర్‌ప్రెటర్‌లో పుట్టిన జాబితా ఒకటుంది, దాన్ని ఇద్దరు వాడుతున్నారు గనుక దాని రిఫరెన్స్ కౌంట్, అంటే వాడకందారుల లెక్క, 2. ఉప ఇంటర్‌ప్రెటర్ సొంత థ్రెడ్ తన గిల్ పట్టుకుని ఆ అంకెను చదివింది. సరిగ్గా అప్పుడే, ఆ ఉప ఇంటర్‌ప్రెటర్ పని మీద వచ్చినా తప్పు వరసలో నిలబడిన మన కాల్‌బ్యాక్ థ్రెడ్, ప్రధాన ఇంటర్‌ప్రెటర్ గిల్ పట్టుకుని, అదే అంకెను చదివింది. ఇద్దరూ ఒకటి కలిపి ఇద్దరూ 3 అని రాశారు. రావలసింది 4. తర్వాత నలుగురు వాడకందారుల్లో ముగ్గురు తప్పుకోగానే లెక్క సున్నాకు దిగుతుంది, మెమరీ విడుదలైపోతుంది, నాలుగో వాడి చేతిలో మాత్రం జాబితా ఇంకా ఉన్నట్టే ఉంటుంది. ప్రోగ్రాం కూలడం అక్కడే, అప్పుడే జరిగితే కొంత నయం. అరగంట తర్వాత ఏ సంబంధమూ లేని ఫంక్షన్‌లో సెగ్మెంటేషన్ ఫాల్ట్ (తనది కాని మెమరీని ముట్టిన దోషం) అని పడుతుంది. తాళం ఒక్కటే ఉన్న రోజుల్లో తప్పు వరసలో నిలబడినా వంతు మాత్రం తప్పేది కాదు కాబట్టి లెక్క ఇలా చెడేది కాదని వారే ఒప్పుకుంటున్నారు. మరి తప్పు ఎవరిది? తాళాలు పంచినవారిదా, విధేయతతో పాత తాళమే ఇస్తున్న గుమాస్తాదా?

పైగా దీనికి పరిష్కారం ఎప్పటి నుంచో ఉంది. అపాచీ సర్వర్‌లో పైథాన్ వెబ్ అప్లికేషన్లు నడిపే మోడ్ డబ్ల్యూఎస్‌జీఐ ఉప ఇంటర్‌ప్రెటర్లను వాడుతుంది. ఈ ఫంక్షన్ మీద ఆధారపడిన ఎక్స్‌టెన్షన్ మాడ్యూళ్లు (సీ వంటి భాషల్లో రాసినవి) అక్కడ బిగుసుకుపోతే, ఆ అప్లికేషన్‌ను ప్రధాన ఇంటర్‌ప్రెటర్‌లోనే నడపమని దాని డాక్యుమెంటేషన్ సలహా ఇస్తుంది. అర్జీదారుడి ఇల్లే హెడ్‌క్వార్టర్స్‌కు మార్చేస్తే చిరునామా సమస్యే ఉండదన్న ఈ పాలనా దక్షతకు మించినది నాకు కనబడలేదు.

విశాఖలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా మేనల్లుడికి ఇదంతా రుచించడం లేదు. "ఏటి మావయ్యా, ఏ ఇంటర్‌ప్రెటరో సెప్పకుండా లోనికి ఎల్లిపోతే ఎలగ?" అంటూ ఎదురు తిరిగాడు. వాడు చేసే పని వేరు. కాల్‌బ్యాక్‌ను రిజిస్టర్ చేసే సమయంలోనే అది ఏ ఇంటర్‌ప్రెటర్‌దో ఆ పాయింటర్‌ను (మెమరీలో దాని చిరునామాను) దాచుకుంటాడు. కాల్‌బ్యాక్ వచ్చిన థ్రెడ్‌లో ఆ పాయింటర్‌తోనే కొత్త థ్రెడ్ స్టేట్ సృష్టించి, దాన్ని అంటించి, పని పూర్తికాగానే శుభ్రంచేసి తొలగిస్తాడు. ఒకే ఓఎస్ థ్రెడ్ రెండు ఇంటర్‌ప్రెటర్లలో పనిచేయాల్సి వస్తే రెండు థ్రెడ్ స్టేట్‌లు వేరువేరుగా ఉంచుతాడు. నాలుగు లైన్లు ఎక్కువైనా ఎవరి తాళం వారికే అందుతుందంటాడు. ఒప్పుకున్నాను. "నువ్వు దాచుకున్న పాయింటర్ తాలూకు ఇంటర్‌ప్రెటర్ ఈలోగా మూతపడి ఉంటే?" అని అడిగాను. వాడు మాట్లాడలేదు.

అసలు చిక్కు అక్కడే ఉంది, మా గుమాస్తా గొప్పతనమూ అక్కడే బయటపడుతుంది. పైగిల్‌స్టేట్_ఎన్ష్యూర్‌కు "కుదరదు" అని చెప్పే అలవాటు లేదు. విఫలమైనట్టు తెలిపే విలువేదీ అది తిరిగి ఇవ్వదు. ఇంటర్‌ప్రెటర్ మూసివేత మొదలయ్యాక ఎవరైనా థ్రెడ్ వచ్చి తాళం అడిగితే, 3.14కు ముందు ఆ థ్రెడ్‌ను అక్కడికక్కడే అంతం చేసేవారు. దాని చేతిలో వేరే లైబ్రరీ తాళాలుంటే అవి అలాగే బిగిసి ఉండేవి. 3.14 నుంచి పద్ధతి మానవీయంగా మారింది. ఇప్పుడు చంపరు, ఎప్పటికీ నిలబెట్టేస్తారు. పోయిందని చెప్పరు, రమ్మనీ చెప్పరు. దాని చేతిలోని తాళాలు మాత్రం యథాతథంగా బిగిసే ఉంటాయి.

దీన్ని కూడా మార్చాలని 2025లో పెప్ 788 అనే ప్రతిపాదన వచ్చింది. థ్రెడ్ ముందుగా ఆ ఇంటర్‌ప్రెటర్ ఇంకా బతికి ఉందా అని విచారించాలట. లేదంటే మర్యాదగా వెనుదిరగాలట. ఉంటే తన పని అయ్యేదాకా మూసివేయబోమని హామీ తీసుకుని, ఆ హామీ చూపించి మాత్రమే లోపలికి అడుగుపెట్టాలట. అర్జీదారుడు కార్యాలయాన్ని "మీరు ఎప్పటిదాకా తెరిచి ఉంటారు?" అని అడగడం, పైగా తాను బయటికి వచ్చేదాకా షట్టర్ దించవద్దని కాగితం రాయించుకోవడం ఎంత సాహసమో ఆలోచించండి.

ఎక్స్‌టెన్షన్ మాడ్యూళ్ల సంగతి ఎక్కువ చెప్పను. సొంత గిల్ ఉన్న ఇంటర్‌ప్రెటర్‌లో తమకు ఇబ్బంది లేదని రాతపూర్వకంగా ప్రకటించని మాడ్యూల్‌ను ఇంపోర్ట్ చేయబోతే ఇంపోర్ట్ ఎర్రర్‌తో గుమ్మంలోనే ఆపేస్తున్నారు. ప్రాసెస్ మొత్తానికీ ఒకటే ఉండే స్టాటిక్ వేరియబుళ్లలో అందరి గుట్టూ ఒకే చోట దాచుకున్న పాత మాడ్యూళ్లకు ఇది అవమానమే. నన్ (ఏమీ లేదు), ట్రూ, ఫాల్స్ అనే విలువల వంటి కొందరికి మాత్రం 3.12 నుంచి అమరత్వం ప్రసాదించారు. వాటి కౌంట్ ఎవరూ ముట్టుకోరు కనుక అన్ని ఇంటర్‌ప్రెటర్లలోనూ నిర్భయంగా తిరుగుతాయి. పలుకుబడి ఉన్నవారికి ఏ జిల్లా అయితేనేం?

గిల్‌నే పూర్తిగా తీసేసిన బిల్డ్ (పైథాన్ రూపాంతరం) కూడా 3.13లో ప్రయోగాత్మకంగా వచ్చి, 3.14లో అధికారిక మద్దతు పొందింది. కంగారుపడి మేనల్లుడికి ఫోన్ చేశాను. తాళం లేకపోయినా థ్రెడ్ స్టేట్ అంటించుకోకుండా పైథాన్ వస్తువును ముట్టుకోకూడదని, కాబట్టి బయటి థ్రెడ్లు అక్కడ కూడా పైగిల్‌స్టేట్_ఎన్ష్యూర్ ముందో, తన నాలుగు లైన్ల ముందో హాజరు కావలసిందేనని వాడు విసుగ్గా చెప్పాడు. ఆ రాత్రి నాకు చక్కగా నిద్ర పట్టింది.